బీరువా పిడికి పూసిన నీలం చాక్

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీకు నా వందనాలు. మన పత్రికలో రోగం నుంచి, తాగుడు నుంచి విడుదలైనవాళ్ల సాక్ష్యాలు చదివి ఎన్నోసార్లు కన్నీళ్లు పెట్టుకున్నాను, కానీ నాకు పట్టిన జబ్బుకు ఏ మందుల షాపులోనూ మందు దొరకదు, అది నా కన్నబిడ్డ మీద అనుమానం. పోయిన సంవత్సరమంతా ఆ చీకట్లోనే ఉన్నాను, దాన్ని చీకటనుకోలేదు, ప్రేమ అనుకున్నాను!

మాది మహబూబ్‌నగర్ జిల్లా. పట్నం వచ్చి అశోక్‌నగర్‌లో కిరాయికుంటూ ఇంట్లోనే జాకెట్లు కుడతాను, సంఘంలో అందరూ నన్ను టైలరమ్మ అంటారు. నా భర్త సెంట్రింగ్ మేస్త్రీ, పని ఎక్కడుంటే వారాల తరబడి అక్కడే ఉంటాడు. మాకు ఒక్కతే కూతురు షారోను, నారాయణగూడలో ఇంటర్ చదువుతోంది. దాచడమెందుకు, నేను మా అమ్మకు చెప్పకుండా గడప దాటి, మనసిచ్చినవాడి వెంట వచ్చేసినదాన్ని. షారోను ఎదుగుతుంటే దాని మొహంలో నాకు నేనే కనబడ్డాను, సహోదరులారా, భయమేసింది! కాలేజీ నాలుగింటికి వదిలితే ఐదున్నరకు ఇల్లు చేరేది. ఎందుకింత ఆలస్యమంటే "ఊకెనే అమ్మా" అనేది. రోజూ దాని ముందే దాని సంచి వెతికేదాన్ని. ఒకరోజు ఆటోలో వెనకాలే వెళ్లాను కూడా, చిక్కడపల్లి చౌరస్తాలో బస్సు అడ్డం వచ్చి బిడ్డ కనబడకుండా పోయింది. ఆటో అతను "ఎవల్నక్కా ఎంకులాడుతున్నవ్?" అంటే, ఇంటికి తిప్పమన్నాను.

మేమిద్దరం కలిసి చేసే పని ఒక్కటే, టీవీలో ఒక సీరియల్ చూడటం. అందులో కాలేజీ పిల్ల ఒకతి డిటెక్టివ్, ఊళ్లో ఎవరి రహస్యమైనా పట్టేస్తుంది. ఒక భాగంలో ఆ పిల్ల తల్లి, కూతురు తన వెనకాల ఏం చేస్తోందో తెలుసుకోవాలని సొరుగు పిడికి పౌడర్ పూస్తుంది. కూతురు దొంగను పట్టుకుని సంతోషంగా ఇంటికొచ్చి, సొరుగు తీసి తన వేళ్లు చూసుకుంటుంది, తెల్లగా! చివరికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి మొహం ఒకరు చూడకుండా అన్నం తింటారు. షారోను నా వైపు తిరిగి, "అమ్మా, గా తల్లి చేసింది మంచిగున్నదా?" అని అడిగింది. నేను ఆలోచించనైనా లేదు, "మంచిగనే ఉన్నది, కన్నతల్లికి గా మాత్రం హక్కు లేదా?" అన్నాను. బిడ్డ లేచి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ భాగం నుంచి ఏం నేర్చుకున్నానో తెలుసా? మర్నాడే బట్ట మీద గీతలు గీసే నా నీలం చాక్ పొడి చేసి, నేను లాక్కున్న దాని ఫోన్ దాచిన బీరువా పిడికి పూశాను, నా వెనకాల తీస్తే వేళ్లు నీలమవుతాయని!

ఇక దేవుని పని చూడండి. మా సంఘంలో గుమ్మం పక్కన ప్రార్థన పెట్టె ఉంటుంది. పేరు రాయకుండా ఎవరి అవసరత వారు చీటీ మీద రాసి ఆదివారం వేస్తారు, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో స్త్రీలం తెరిచి, ఒక్కొక్కటీ చదివి మొరపెడతాం. పెట్టె తాళం నాదే, చదివేదీ నేనే. ఒక శుక్రవారం, ఈ కాలం పిల్లలు ఫోన్‌లో కొట్టినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు చీటీ వచ్చింది, "మా అమ్మ నన్ను నమ్మాలని ప్రార్థించండి" అని. నా గుండె కరిగిపోయింది. "ప్రభువా, ఎవరో ఆ తల్లి, ఆమె రాతి గుండెను పగలగొట్టు, ఆ బిడ్డ ఏడుపు ఆమెకు వినిపించు" అని ఎలుగెత్తి ఏడ్చాను. ఇంటికొచ్చి షారోనుకే చెప్పాను, లోకంలో ఎటువంటి తల్లులున్నారో చూడమని! బిడ్డ నన్ను చూసి, "గట్టిగ ప్రార్థన చేసినవా అమ్మా?" అంది. "చేసిన బిడ్డా, ఏడ్చిన గూడ" అన్నాను.

పై శుక్రవారం మళ్లీ అవే అక్షరాలు. ఎప్పటిలాగే గొంతెత్తి చదవసాగాను, "మా అమ్మ బీరువా పిడికి నీలం చాక్ పూస్తోంది, నా వేళ్లు చూస్తోంది. నేనేం తప్పు చేయలేదు. దేవా, మా అమ్మ భయం తీసేయి." చాక్ అన్న మాట దగ్గరే అది నా బిడ్డ రాసిందని తెలిసింది, అయినా నా నోరే మిగతాదంతా చదివేసింది. నీలం చాక్ వాడే టైలరమ్మ ఎవరో అక్కడ అందరికీ తెలుసు కదా! మా పెద్దక్క ఒకామె నా వీపు మీద చెయ్యి వేసి, "ప్రార్థన చెయ్యి బిడ్డా, ఆగకు" అంది. ఆ తల్లి కోసం ఏడవడం నాకు బాగా వచ్చు, నా కోసం ఎలా ఏడవాలో తెలియలేదు. "ప్రభువా, నేనే" అన్నాను.

సాయంత్రం బిడ్డ రాగానే ఫోన్ చేతికిచ్చాను, ఏమీ అడగలేదు. అదే చెప్పింది, "లైబ్రరీల కూసుంట అమ్మా, చిక్కడపల్లిల. ఆడ నా సంచి ఎవలు ఎంకరు." పిల్లకు కాసేపు ఊపిరి తీసుకోవడానికి నా ఇల్లు కాకుండా వేరే చోటు కావలసి వచ్చింది, సహోదరులారా!

నేను పూర్తిగా బాగయ్యానా? నాకే తెలియదు. నేను దాని గుట్టు బయటపెట్టమని మొరపెట్టాను, అది నా భయం తీసేయమని మొరపెట్టింది, దేవుడు ఎవరి ప్రార్థన విన్నాడు? నిజంగా లైబ్రరీలోనే ఉంటుందా అని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. మొన్న లైనింగ్ గుడ్డ కోసం చిక్కడపల్లి వెళ్తే సరిగ్గా నాలుగున్నరకు ఆ లైబ్రరీ గేటు ముందే ఉన్నాను. నాలుగు మెట్లెక్కితే తేలిపోతుంది. చేతిలో సంచి గట్టిగా పట్టుకుని, "యేసయ్యా, నా కాళ్లు నడిపించు" అంటూ తల తిప్పకుండా దాటి వచ్చేశాను, దేవునికే మహిమ! ఇంటికొచ్చి రెండు కప్పులు టీ పెట్టాను. ఐదున్నరకు తలుపు చప్పుడైంది.

ఈ మాటలు చదువుతున్న తల్లులారా, తండ్రులారా, పిల్లల వెంట మనం వెళ్లలేని చోటికి కూడా వెళ్లే దేవుడొకడున్నాడు. ఆయనకు అప్పగించి చూడండి. వచ్చేవారం పెట్టెలో నా చీటీ కూడా ఉంటుంది, పేరు రాసే వేస్తాను, నా కోసం ప్రార్థించండి. ఆమేన్.