మామ్మ మానేసిన అడ్డపొగ

నా చిన్నప్పుడు పెద్దనాన్న ఇంట్లో పనిచేసే ముక్కు నాదొక్కటే. ఆయన ముక్కుని ముక్కుపొడుం ఎప్పుడో తినేసింది. ఆయన తల్లికి, అంటే మా మామ్మకి, అడ్డపొగ అలవాటు. చుట్ట అంటించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకునేది. ఊళ్లో పొలం పనుల్లో అబ్బిన అలవాటు విశాఖపట్నం వచ్చి ఇన్నేళ్లయినా పోలేదు. పొగ తప్ప వేరే వాసన ఆవిడకీ తెలిసేది కాదు.

పెద్దనాన్నకి ఒక పాత అంబాసిడర్ ఉండేది. దాన్ని టాక్సీగా తిప్పేవాడు, ఇల్లు దానిమీదే నడిచేది. పెట్రోలు పోయలేక దానికి గ్యాస్ కిట్టు పెట్టించాడు. డిక్కీలో గ్యాస్ ట్యాంకు కూర్చుంది. మెకానిక్ గొట్టాల అతుకుల మీద సబ్బునురుగు రాసి, బుడగ వస్తే లీకున్నట్టని చూపించాడు. రోజూ బండి తీసేముందు డిక్కీ తెరిచి వాసన చూసుకోమన్నాడు. తన ముక్కు పోయిందని పెద్దనాన్న అతనికి చెప్పుకోలేదు. ఇంటికొచ్చి ఆ పని నాకు అప్పజెప్పాడు. నాకు ఎనిమిదేళ్లు. ఇంత పెద్ద కారు నా ముక్కు మీద ఆధారపడి నడుస్తోందని తెగ మిడిసిపడ్డాను.

ఆ రోజుల్లో అమ్మ పురిటికని పెందుర్తిలో పుట్టింటికి వెళ్లింది. నాన్నకి పోర్టులో షిఫ్టులు. నా బడి పోకూడదని నన్ను మామ్మ దగ్గర వదిలేశారు. రెండు నెలలు అమ్మ మొహం చూడలేదు. తమ్ముడు పుట్టాడని తెలిశాక నాకు అన్నం సయించలేదు. ఆదివారం నన్నూ మామ్మనీ తీసుకెళ్తానని పెద్దనాన్న మాటిచ్చాడు.

ఆదివారం పొద్దున డిక్కీ మూత తీశాడు. కుళ్లిన ఉల్లిపాయల వాసన గుప్పున కొట్టింది.

"ఏటే గుంటా, వాసనేటైనా వత్తందేటి?" అన్నాడు.

వస్తోందంటే బండి షెడ్డుకి పోతుంది. ఆదివారం షెడ్డు తియ్యరు. అమ్మ దగ్గరికి ప్రయాణం ఆగిపోతుంది. "ఏటీ నేదు పెదనాన్నా" అన్నాను. కొంచెం వాసనే కదా, గాలికి పోతుందని సర్దిచెప్పుకున్నాను.

పెద్దనాన్న వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మామ్మ బాలింత కోసం కట్టిన పథ్యం సరుకుల సంచి డిక్కీలో పెట్టి, నన్ను కేకెయ్యడానికి నోట్లోంచి చుట్ట తీసింది. అదే క్షణంలో పెద్దనాన్న తాళం తిప్పాడు. భగ్గుమంది. మామ్మ కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. పెద్దనాన్న దూకి ఆవిణ్ణి లాగాడు. వీధిలో వాళ్లు ఇసకా నీళ్లూ పోసేసరికి బండి బొగ్గయింది. గేటు దగ్గరున్న నాకు చిన్న గీత కూడా పడలేదు.

ఆస్పత్రికి మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు. పొద్దున్న ఎవరూ వాసన చూడలేదా అని అడిగాడు. పెద్దనాన్న నావంక చూశాడు. చాలాసేపు చూశాడు. నా మొహంలో ఆయనకి కావలసిందంతా కనిపించే ఉంటుంది.

"ఈయేల నాను మర్సిపోనాను. గుంటని అడగనేదు," అన్నాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మంచం మీంచి మామ్మ అంది: "నువ్వు మర్సిపోతే ఏటైందిరా. నా నోట్లో నిప్పే బండిని తినేసినాది."

పెద్దనాన్న కాదనలేదు. కాదంటే నా పేరు బయటపడుతుంది. ఆ మాటే వీధంతా పాకింది. మామ్మ చుట్ట మానేసింది. జీవితంలో ఆవిడకున్న ఒకే ఒక్క సుఖం అది. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఎవరైనా చుట్ట ఇవ్వబోతే, బండి తగలెట్టినదాన్ని, నాకెందుకమ్మా అనేది. పెద్దనాన్న ఆ తర్వాత ఊళ్లోవాళ్ల కార్లకి డ్రైవరుగా వెళ్లాడు. మామ్మ ఆయన్ని క్షమించమని అడిగినప్పుడల్లా తల దించుకునేవాడు.

ఆయన దయని నేను చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. గొప్పదే. కానీ నా నెత్తిమీంచి తీసిన తప్పుని ఎక్కడో ఒకచోట దించాలి కదా. మామ్మ నెత్తిన దిగింది. దించింది ఆయన, దిగనిచ్చింది నేను.

కాలేజీలో ఉండగా ఒక మెకానిక్ చెప్పాడు, చుట్ట నిప్పుకి గ్యాస్ అంటుకోవడం అరుదని, తాళం తిప్పినప్పుడు ఎగిరిన రవ్వకే అంటుకుని ఉంటుందని. ఆ సాయంత్రమే చెప్పేద్దామని మామ్మ దగ్గర కూర్చున్నాను. "మామ్మా" అన్నాను. "ఏటమ్మా" అంది. ఆకలేస్తోందన్నాను. సరిగ్గా వంగని ఆ వేళ్లతోనే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. తిన్నాను.

ఆ తర్వాత మామ్మ నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ చెప్పలేదు. ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. తప్పు చేసిన పిల్లని ఎవరైనా వెనకేసుకొస్తే నేను ఊరుకోను, ఇంట్లో నన్ను రాతిగుండె మనిషి అంటారు. అననీ. కొడుకు బతుకు తానే కాల్చేశానని నమ్ముతూనే మామ్మ పోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాను నేను.