మంచు కొండలల్ల మా చిన్నబాపు

పొద్దుగాల పాలు పోసేటాయన ఫోన్ చేసిండు. చిన్నబాపు తలుపు తీస్తలేడని, కిటికీలకెల్లి చూస్తె కుర్చీల కూసున్నట్టే ఉన్నడని, ఎంత పిలిచినా పలుకుతలేడని. మంచిర్యాల నుంచి నేను బెల్లంపల్లి చేరేసరికి బాపు తలుపు పగలగొట్టిచ్చి తమ్ముని పక్కన కూసున్నడు. గుండె ఆగిందన్నరు. యాభై ఏండ్లు కూడ నిండలే.

ఆ గల్లీల పది క్వార్టర్లుంటె ఏడింటికి తాళాలే. బొగ్గుబాయిలు మూతపడ్డంక జనం ఎటోళ్లటు పోయిండ్రు. పాడె కడుతుంటె వచ్చిన ఓ పెద్దమనిషి నన్నడిగిండు, "ఏం నౌకరి చేసెటోడమ్మా మీ చిన్నబాపు?" అని. మా ఇంట్ల ఎవరం ఇన్నేండ్లల్ల సక్కగ జవాబు చెప్పని ప్రశ్న అది. ఆ పొద్దు కూడ నేను చెప్పలే. ఇక్కడ చెప్త.

మా చిన్నబాపు స్కీయింగ్ చేసెటోడు. కాళ్లకు స్కీలనే పొడుగు పలకలు కట్టుకొని మంచు కొండల మీదికెల్లి జారుడు. జెండాలు పాతిన దారిల ఉరుకుడు కాదు. దారే లేని కొండెక్కి, తనే దారి చూసుకొని, రాళ్ల మీదికెల్లి దుంకుకుంట దిగుడు. దాన్ని ఫ్రీస్కీయింగ్ అంటరు. పదిహేనేండ్లు ఆయనకదే బతుకుదెరువు. స్కీలు తయారుచేసే ఓ విదేశీ కంపెనీ జీతమిచ్చేది, ఆయన ఫొటోలు తమ పుస్తకాలల్ల ఏసుకునేది. ఒక పుస్తకం ఇంటికి తెస్తె నాయినమ్మ నమ్మలే. కండ్లకు అద్దాలు, మూతికి ముసుగు. "గీయన నా కొడుకని ఎట్ల నమ్మాలెరా?" అన్నది.

డిగ్రీల ఉన్నప్పుడు కాలేజోళ్లు కశ్మీర్‌ల గుల్మార్గ్‌కు స్కీయింగ్ క్యాంపుకు పంపిండ్రు. పదిహేను రోజులకని పోయినోడు ఎండలు ముదిరినంక ఇల్లు చేరిండు. అప్పటికే తాత ఊపిరి ఆడక బొగ్గుబాయి పని ఇడిసిండు. ఆయన నౌకరి ఒక కొడుక్కు వస్తది. చదువుకున్నోడని చిన్నబాపు పేరు చెప్పిండు తాత.

"నాకొద్దు. అన్నకియ్యుండ్రి," అన్నడు చిన్నబాపు.

"బంగారమసొంటి నౌకరి ఇడిసి మంచుల జారుతవా? పిచ్చి లేసిందారా?" అన్నడు తాత.

ఆ నౌకరి మా బాపుకొచ్చింది. నా చదువు దాని మీదనే నడిచింది. తాత మాత్రం సచ్చేదాక చిన్న కొడుకుతోని మాట్లాడలే. ఎండకాలం చిన్నబాపు ఇంటికొస్తె, ఈ గోడకు తాత, ఆ గోడకు ఆయన కూసుండి తినెటోళ్లు. నడుమ నాయినమ్మ గిన్నె పట్టుకొని ఇటు తిరిగి, అటు తిరిగి వడ్డించేది.

ఆ ఎండలల్ల కూడ ఆయన ఊకె ఉండకపోయేది. మంచు మీద దిగుతందుకు తొడలు గట్టిగుండాలెనని గోడకు వీపు ఆనిచ్చి, కుర్చీ లేకుంటనే కుర్చీల కూసున్నట్టు కూసునేది. నెత్తి మీద తడి తువ్వాల. తొడలు వణికేదాక లేవకపోయేది. ఒకసారి ఆదిలాబాద్‌ల పత్తి మిల్లు ముందట ఆగినప్పుడు, తెల్లటి పత్తి కుప్పలు చూసి, "మంచు గిట్లనే ఉంటదా చిన్నబాపూ?" అని అడిగిన. "గిట్లుండేది ఏడాదికి నాలుగు రోజులు బిడ్డా. కడమ రోజులు రాయే," అన్నడు.

ఓపెన్‌కాస్టు గనిల తవ్విపోసిన మట్టి గుట్ట కాడికి నన్ను తోల్కపోయిండు ఒకనాడు. "ముందుగాల కింద నిలబడి చూడాలె. ఎక్కినంక అంచే కనబడ్తది, కొండ కనబడది," అన్నడు. ఎక్కడ మలగాలె, ఎక్కడ దుంకాలె, గాలిల వేలుతోని గీసుకుంట గంటసేపు చెప్పిండు. నాకు ఆకలైతుండె. సగం ఇన్న, సగం ఇనలే. మావోళ్లల్ల ఆ సగమన్న ఇన్నది నేనొక్కదాన్నే.

బయటి దేశంల పోటీల మూడో స్థానం వచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేసిండు. నాయినమ్మ ఎత్తింది.

"పడలేదు గద బిడ్డా?"

"పడలే అవ్వా."

"అయితె సాలు," అని ఫోన్ పెట్టేసింది.

గుల్మార్గ్‌ల ఆయనకు ఒక కశ్మీరీ దోస్తు ఉండె. ఎక్కినా దిగినా ఇద్దరు కలిసే. ఒకలు దిగుతుంటె ఇంకొకలు చూడాలె, మంచు జారి మీదవడితె ఎక్కడ మునిగిండో గుర్తువట్టి తవ్వాలె. నాలుగేండ్ల కింద దోస్తు దిగుతుంటె కొండ మీది మంచు తెగి మీదవడ్డది. చిన్నబాపు ఉరికి తవ్వి తీసిండు. కని అప్పటికే పాణం పోయింది. ఆ వారమే ఆయన బెల్లంపల్లికొచ్చి పాత క్వార్టర్ ఒకటి కిరాయికి తీసుకున్నడు. మాతోని ఉండుమంటె రాలే.

ఆదివారం ఆదివారం నేను బువ్వ పట్టుకపోయేది. ఒక్కసారే ఆ ముచ్చట తీసిండు. "కన్ను తిప్పలే బిడ్డా. తొందరగనే దొరికిండు. అన్నీ సక్కగనే చేసిన. అయినా పోయిండు." కంచం ముందటికి జరిపి, "జర పప్పు ఎయ్యి," అన్నడు. ఆయన దిగే వీడియో ఉంటె చూపియ్యమన్న. "అన్నిట్ల వాడుంటడు. చూడలేను," అన్నడు. నేను మళ్ల అడగలే. ఇంకోసారి అడిగితె బాగుండునని ఇప్పుడు అనిపిస్తది.

దహనం అయినంక ఆయన ఫోన్‌ల తరుచు కలిసే నంబరుకు చేసిన. ఎత్తుడుతోనే అటు నుంచి హిందీల, "ఎప్పుడొస్తున్నవ్ భాయ్? ఈసారి మంచు మస్తు పడ్డది," అన్నడొకాయన. ఆయన సచ్చిపోయిన దోస్తుకు అన్న అయితడు. సంగతి చెప్పిన. "ప్రతి చలికాలం పిలుస్త. వస్త అంటడు, రాడు," అన్నడు.

అస్థికలు కలుపుతందుకు చెన్నూరు గోదారికి పోయినం. బాపు నీళ్లల్లకు దిగిండు. నాయినమ్మ, నేను ఒడ్డున ఇసుకల కూసున్నం. అప్పుడే కశ్మీర్ నుంచి ఆ దోస్తు అన్న పంపిన ఒక పాత వీడియో నా ఫోన్‌కు వచ్చింది. ఎండకు కనబడకుంటె కొంగు అడ్డం పెట్టి నాయినమ్మకు చూపిచ్చిన. తెల్లటి కొండ. పైనుంచి సన్నగ గీత గీసుకుంట ఒక నల్ల చుక్క దిగుతున్నది.

"ఎవలు బిడ్డా?"

"నీ చిన్న కొడుకే."

ఆమె ముందటికి వంగింది. చుక్క రాయి అంచు దాకొచ్చి పైకి లేచింది. ఆపబోయినట్టు నాయినమ్మ వేలు పెట్టింది. వేలు తగిలి వీడియో ఆగింది. చిన్నబాపు రెండు చేతులు చాపుకొని గాలిల ఉన్నడు. కింద అంత తెలుపే.

"నడిపియ్యనా?" అన్న.

"ఉండనియ్యి జరసేపు," అన్నది.