సిందూరం కింది ముఖం

1984లో వానలు వెనకపట్టాక నన్ను రోడ్ల పని నుంచి తప్పించి, బొంబాయి నగరంలోని విగ్రహాలు, రాతి ఫౌంటెన్లు, శిలాఫలకాల బాగోగులు చూసే చిన్న విభాగంలో జూనియర్ ఇంజనీరుగా వేశారు. పై అధికారికి ఎదురు చెప్పినవాళ్లను అక్కడికి తోస్తారని ఆఫీసులో పేరు. నేనూ ఆ దారినే వెళ్లాను. పని మాత్రం నాకు నచ్చింది. రోడ్డు వేస్తే మర్నాడే ఎవడో ఒకడు వచ్చి తవ్విపోతాడు. విగ్రహం జోలికి కాకులు తప్ప ఎవరూ రారు.

మొదటి పని తెలుగు కూలీల పేట కామాటిపురలో పడింది. మా నాన్న పాలమూరు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ, నేను పుట్టి పెరిగింది వర్లిలో ఒక చాల్‌లో, అంటే వరస గదుల కూలీల ఇళ్లలో. తెలుగు వచ్చినవాడైతే అక్కడి జనంతో మాట్లాడగలడని నన్ను పంపారు.

ఆ విగ్రహం ఒక గల్లీ మొదట్లో, ఫుట్‌పాత్ అంచున ఉంది. తల మీద తట్ట ఎత్తుకున్న ఆడకూలీ. నిలువెత్తు నల్లరాయి. ఈ నగరానికి రాళ్లు మోసిన తెలుగువాళ్లే చెక్కి నిలబెట్టుకున్నది. ఒళ్లంతా నలుపే గాని ముఖం మాత్రం నారింజ రంగు. ఏళ్ల తరబడి ఆడవాళ్లు నూనెలో కలిపిన సిందూరం పూస్తూ పోగా ముఖం ఉబ్బి, కళ్లూ ముక్కూ గుర్తు మాత్రంగా మిగిలాయి. మరాఠీ ఇరుగుపొరుగు అలవాటుతో సిందూరాన్ని అక్కడి తెలుగువాళ్లు కూడా శేందూర్ అంటారు.

ఫుట్‌పాత్ మీద ఉన్న ఏ రాయైనా మా లెక్కలో రెండింట్లో ఒకటి కావాలి. కళాఖండమైతే మా విభాగం కడిగి కాపాడుతుంది. గుడి అయితే అది ఆక్రమణ, వార్డు ఆఫీసు వచ్చి ఎత్తేస్తుంది. ఈ విగ్రహం రెండూ అయి కూర్చుంది. పై పూత తీసి అసలు స్థితికి తెమ్మనీ, ఆ తర్వాత కమిటీ చూసి ఉంచాలో గోదాముకు చేర్చాలో తేలుస్తుందనీ ఉత్తరువు.

మొదటి రోజు తనిఖీకి వెళ్లినప్పుడే ఒకటి గమనించాను. అంత ఉక్కపోతలోనూ విగ్రహం ముఖానికి ఎదురుగా ఉన్న చాల్‌లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి, కింది అంతస్తులో ఒక్కటి తప్ప. గల్లీలోకి వచ్చేవాళ్లు విగ్రహం వెనకనుంచి చుట్టి వస్తున్నారు. ఎందుకని అడిగితే పని ఉందంటూ నడిచిపోయారు. కూలీల మీద పెద్ద, మా ముకాదం బాలూ, ఊళ్లో ఉన్న రాతి రాజులందరి నెత్తినా నిచ్చెన వేసి కడిగినవాడు. అలాంటివాడు తాను వెనకవైపు పని చూసుకుంటానన్నాడు. తట్ట దించమని నిన్ను అడుగుతుందనా భయం, అని ఎగతాళి చేశాను. అతను వెనకవైపుకే నడిచాడు.

తెరిచి ఉన్న ఆ ఒక్క కిటికీ నర్సమ్మది. డెబ్బై దాటిన మనిషి. పని ఆపమని గొడవకొస్తోంది కాబోలనుకున్నాను. ఆమె వచ్చింది తొందరగా తీయమని అడగడానికి.

"గీమె మా యమ్మ, బిడ్డా. నేను సంటిపిల్లగున్నప్పుడు తట్టతోటి పరంజ మీదికెల్లి పడి సచ్చిపోయిందంట. నాయిన గీ రాయి చెక్కిండు, ఎన్కనే ఆయన గూడ పోయిండు. గప్పట్ల మాకు ఫోటోలు యాడియి? నాకు ఎరుక వచ్చేనాటికే శేందూర్ పూసిన్రు. మా యమ్మ మొఖం ఎట్లుంటదో నాకు తెల్వదు. తియ్యి, ఒక్కపారి చూసుకుంట."

వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె ఒప్పుకోలేదు. "కప్పినోళ్లకు తెల్వదా, ఎందుకు కప్పిన్రో?" అంది. మిగతావాళ్లు ఆమెను ఇంకేం మాట్లాడనివ్వలేదు.

మా పనికి ఒక పద్ధతి ఉంది. ముందు నాలుగు వైపులా ఫోటోలు తీస్తాం. తర్వాత ఎవరికీ కనపడని చోట కొంచెం పూత తీసి చూస్తాం. దానికంటే ముందు చెక్క సుత్తితో మెల్లగా తట్టి వింటాం. పూత రాయికి అంటి ఉంటే మొద్దు చప్పుడు, విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు. నేను చెవి వెనక తట్టాను. డొల్లగా పలికింది. నుదుటి దగ్గరా, గడ్డం దగ్గరా అంతే. పూతకూ రాయికీ మధ్య ఖాళీ ఉంది. పని సులువైందని సంతోషించాల్సింది, కానీ ఆ చప్పుడు నాకు నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం అంచుల్లో టర్పెంటైన్ తడిపి, సన్నటి చెక్క మేకులు దోపుతూ వచ్చాం. పూత ముక్కలుగా రాలుతుందనుకుంటే మొత్తం ఒకే పెంకుగా ఊడి మా చేతుల్లోకి వచ్చింది. బాలూ దాన్ని గోనెపట్టా మీద బోర్లా పెట్టాడు. అందరం రాయి వైపు చూశాం.

రాయికి ముఖం లేదు. ఎవరో పగలగొట్టారనడానికి వీల్లేదు, పగలగొడితే ఉలి గాట్లుంటాయి. వెంట్రుకలు పాయపాయగా చెక్కి ఉన్నాయి. చెవి కమ్మలున్నాయి, మెడ ఎముకలున్నాయి. ముఖం ఉండాల్సిన చోట నర్సమ్మ తండ్రి సానరాయితో ఓపిగ్గా రుద్ది నునుపు చేసి వదిలేశాడు. భార్య ముఖం చెక్కడానికి అతనికి చేతులాడలేదో, చెక్కి తుడిచేశాడో చెప్పేవాళ్లెవరూ లేరు.

నర్సమ్మ ముందుకొచ్చి ఆ నునుపు మీద అరచెయ్యి ఆనించింది. "యాడ, బిడ్డా?" అని అడిగింది.

అంతలో బాలూ కేక వేశాడు. పెంకును లెక్కప్రకారం లోపలివైపు కూడా ఫోటో తీయాలి గనక వెల్లకిలా తిప్పాడట. తిప్పినవాడు దూరంగా జరిగి నిలబడ్డాడు. పెంకు లోపల ముఖం ఉంది. కళ్లు, ముక్కు, బిగించిన పెదవులు. నేను ఎడమకు జరిగితే అది ఎడమకు తిరిగింది. కుడికి జరిగితే నాతోపాటే వచ్చింది.

దీనికి సమాధానం తర్వాత దొరికింది. గుంటగా ఉన్న ముఖం కంటికి ఉబ్బెత్తుగా తోస్తుంది, మనం కదిలితే తానూ తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ప్లాస్టరు అచ్చులతో నేనే పరీక్షించుకున్నాను. సమాధానం దొరకనిది వేరే ఉంది. తడి పూత ఏ రాయి మీద వేస్తే ఆ రాయి రూపే తీసుకుంటుంది. నునుపు రాయి మీద వేసిన పూత లోపల ముఖం ఎలా పడుతుంది? ఉద్యోగమంతా అచ్చులతో గడిపినవాణ్ని, ఇప్పటికీ చెప్పలేను.

పైగా అది ముసలి ముఖం. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. చంటిబిడ్డను వదిలి పోయిన మనిషికి ఆ వయసు రాదు.

నర్సమ్మ గోనెపట్టా పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. నేను వద్దనేలోపే పెంకును రెండు చేతులా ఎత్తి అందులో తన ముఖం పెట్టింది. నుదురు, ముక్కు, గడ్డం ఎక్కడా సందు లేకుండా కూర్చున్నాయి. ఆడవాళ్లు పిల్లలను లాక్కుని లోపలికి పోయారు. ఆమె ఎంతకీ ముఖం తీయకపోయేసరికి నాకు భయమేసి, పెద్దమ్మా, పెద్దమ్మా అని పిలిచాను. పెంకును మెల్లగా దించింది. ముఖమంతా సిందూరం పొడి, కళ్ల కింద మాత్రం తడి.

"దినాం అద్దంల చూసే మొఖమే, బిడ్డా. నాతోని ముసల్ది అయ్యింది," అంది. పెంకును నా చేతికిచ్చి, "సాలు. మల్ల పెట్టేయి. ఆమెకు ఎండ తాకుతున్నది," అంది.

పొద్దు వాలకముందే నూనె, సిందూరం కలిపి అంచులకు పట్టించి పెంకును దాని చోట నిలబెట్టాం. బాలూ ఈసారి ముందువైపే నిలబడ్డాడు. పూత కూడా శిల్పంలో భాగమే, తీయరాదు అని నివేదిక రాశాను. మా డిప్యూటీ ఇంజనీరు ఫోటో చూసి, లోపలివైపు తీయమంటే బయటివైపు తీశావేమని కోప్పడ్డాడు. అది లోపలివైపే సార్ అన్నాను. ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకేమీ అడగకుండా ముట్టుకోవద్దని రాసి సంతకం పెట్టాడు. కమిటీ కూడా ఆ మాటే ఉంచడంతో విగ్రహం ఉన్నచోటే ఉండిపోయింది.

ఆ తర్వాత కొత్తగా వచ్చిన ఇంజనీర్లకు రెండు సంగతులు చెబుతూ వచ్చాను. అన్నిటికంటే కింద ఉన్నదే అసలుదని అనుకోవద్దు. తీసినదాన్ని తిరిగి పెట్టే దారి చూసుకోకుండా పనిముట్టు పట్టుకోవద్దు.

కొన్నేళ్లకు మళ్లీ తనిఖీకి వెళితే నర్సమ్మ కిటికీ కూడా మూసి ఉంది. అంతకుముందు చలికాలమే ఆమె పోయిందన్నారు. పద్ధతి ప్రకారం చెక్క సుత్తితో చెవి వెనక తట్టాను. నుదుటి దగ్గరా, గడ్డం దగ్గరా తట్టాను. మేం అంచులకు మాత్రమే పట్టించినా డొల్ల చప్పుడు ఎక్కడా లేదు. లోపల ఖాళీ లేదని రాసుకుని వచ్చేశాను.