ప్లగ్గు బాబాయి ఆరాలు

జలవిద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఇంజనీరు, కాలనీ అంతటికీ ప్లగ్గు బాబాయి అయిన ఆ పెద్దమనిషికి ఒకే ఒక్క జబ్బు. ఎవరింట్లో ఏ ప్లగ్గులో ఏం పెడతారో, ఎన్నింటికి పెడతారో తెలియకపోతే ఆయనకు ముద్ద దిగదు.

మనుషులు ఎదురైతే లోకం "బాగున్నారా?" అంటుంది. ఈయన "ఇస్త్రీ ఎన్నింటికి?" అంటాడు. ఒక పెళ్లిలో కొత్త దంపతుల్ని దీవిస్తూ "గీజర్ కొంటున్నారా?" అని అడిగాడు. పళ్ల డాక్టరు ముందు నోరు బార్లా తెరిచి కూడా "ఈ హుర్చీ ఎన్ని వాట్లు?" అన్నాడు. ఆ గాభరాలో డాక్టరు మంచి పన్ను పీకబోయాడు.

పక్కనుండే భార్యకు తల కొట్టేసినట్టుండేది.

"వాళ్లింటి మిక్సీతో మీకేం పనండీ?"

"సాయంత్రమయ్యేసరికి అందరూ ఒక్కసారే స్విచ్చులు నొక్కుతారే! చల్లబడ్డ బొగ్గు కేంద్రం ఒళ్లు విరుచుకుని లేచేసరికి గంటలు పడుతుంది. మనం డ్యాం గేటెత్తితే నిమిషాల్లో పని. ఎవరి ఆకలెంతో తెలియకుండా వడ్డించమంటావా?"

"దేశానికి వడ్డించుకోండి. పక్కింటావిడ ఇస్త్రీపెట్టెను మాత్రం వదిలెయ్యండి."

ఆయన వదల్లేదు. చివరికి ఆయన అడుగుల చప్పుడు వింటే చాలు, పక్కింటావిడ తలుపేసుకుని లోపల్నుంచే "ఇవాళ ఇస్త్రీ లేదు!" అని కేకేసేది.

ఒక మధ్యాహ్నం బాబాయి భార్య కుట్టిన బట్టలు తెచ్చుకుందామని దర్జీ కొట్టుకు వెళ్లింది. ఉన్నట్టుండి ఫ్యాను ఆగింది. వీధంతా కరెంటు పోయింది. దేశంలో సగానికి పైగా కరెంటు పోయిందని ఎవరిదో రేడియో చెప్పింది. లోపలి గదిలో అప్పటిదాకా గుర్రుమన్న యంత్రం కూడా ఆగిపోయింది. దర్జీ అత్తగారికి ఊపిరితిత్తుల జబ్బు. ఆవిడకు ఊపిరందించేది ఆ యంత్రమే. దర్జీ పరుగున వెళ్లి ఆక్సిజన్ సిలిండర్ తగిలించాడు.

"ఎంతసేపొస్తుంది బాబూ?"

"ముప్పావుగంట, పిన్నిగారూ."

"అమ్మో! ఆస్పత్రికి తీసుకెళ్దాం పద!"

"కంగారు పడకండి. బాబాయిగారు పోయిన నెలే వచ్చి సిలిండర్ లెక్క అడిగారు. అరగంట చూడు, రాకపోతే అంబులెన్సు పిలు అన్నారు."

ఆమె ముసలావిడ చెయ్యి పట్టుకుని, ఆగిన ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాలు. ఇరవై అయిదు. దర్జీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఎనిమిదో నిమిషాన ఫ్యాను బద్ధకంగా ఒక చుట్టు తిరిగింది. యంత్రం గుర్రుమంది. ఎదురు వీధికి ఇంకా రాలేదు.

ముసలావిడ నవ్వింది. "మీ ఆయన వారం వారం వచ్చి నా మిషను ఎలా ఉందని అడుగుతాడమ్మా. నేనెలా ఉన్నానని ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు!"

ఆ ఇరవై ఎనిమిది నిమిషాల్లో బాబాయి బ్యాటరీల సాయంతో గేటెత్తి, నీళ్లతో మొదటి టర్బైన్ తిప్పి, ముందుగా దర్జీ వీధి లైను వేశాడు. "ముందు గెస్ట్ హౌస్ లైను వెయ్యి" అని పైఅధికారి ఫోన్ చేస్తే, "అక్కడ ఏసీ ఒక్కటే ఉంది సార్, అది ఊపిరి పీల్చదు" అని పెట్టేశాడట. తర్వాత ఆ కేంద్రం పంపిన కరెంటుతోనే బొగ్గు కేంద్రాలు ఒక్కొక్కటే లేచాయి. చీకటి పడేలోపు నగరాలు వెలిగాయి.

ఇంటికొచ్చిన మనిషికి ఆమె వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"అలాంటి మిషన్లు ఇంకా ఎవరిళ్లలో ఉన్నాయండీ?"

"తెలిసినవి ఆరు. ఇంకా ఉంటాయి. నన్ను చూస్తే తలుపులేసుకుంటున్నారే!"

"వేసుకోరూ మరి? మీకు అడగడం చేతకాదు." ఆమె కూర ఇంకాస్త వేసింది. "రేపు నేనెళ్తాను. ముందు మనుషులెలా ఉన్నారో కనుక్కుంటాను. మిషన్ల సంగతి వాళ్లే చెబుతారు."