అంకెలు మూసిన చక్రాలు

2006 వేసవి. మారేడ్‌పల్లిలో నాది స్కేట్ల దుకాణం. ఇన్‌లైన్ స్కేటులో చక్రాలు ఒకే వరుసలో ఉంటాయి. చక్రం పక్కన రెండు అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఒకటి వ్యాసం. రెండోది డ్యూరోమీటర్, అంటే గట్టిదనం. ఈ అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిపడుతుంది, నేల మీద పట్టు తగ్గుతుంది. ఇందులో మర్మమేమీ లేదు. మర్మాన్ని మనుషులే తెచ్చిపెడతారు.

బోయిగూడ నుంచి శంకరయ్య గారు కూతురు స్వప్నను తీసుకొచ్చారు. పదకొండేళ్ల పిల్ల, రెండు మోకాళ్లకూ ప్లాస్టర్లు. సైనిక్‌పురిలో ఒక హాల్లో, నున్నటి నేల మీద, ప్రతి మలుపులోనూ జారిపడుతోంది. ఆదివారం జట్టు ఎంపిక. ఈసారి పడితే స్కేటింగ్ బంద్ అని తండ్రి తేల్చేశారు. చూస్తే, వేసుకున్నవి గట్టిదనం 85 ఉన్న చక్రాలు. గరుకు రోడ్డుకు పనికొచ్చేవి.

మెత్తటివి వేద్దామన్నాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఎవరో సంఖ్యల జోస్యుడి మాట జేబులో పెట్టుకొచ్చారు.

"82 ఇయ్యండి సార్. ఎనిమిదీ రెండూ పది, అంటే ఒకటి. మా పాపకు ఒకటి కలిసొస్తది. 78 మాత్రం వద్దు, కూడితే ఆరొస్తది. ఆరు ఆమెకు దుష్మన్."

నాకు ఒళ్లు మండింది. ఇలాంటి లెక్కలను హేతువాద సభల్లో ఉతికి ఆరేసినవాణ్ని. చక్రం మీద అంకె వేసింది ఫ్యాక్టరీ, గ్రహం కాదని అరగంట వాదించాను. ఆయన మరింత బిగుసుకున్నారు. పిల్ల తల వంచుకుని లేసులు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అన్నిటికన్నా పట్టున్నది 74, అదే వేయాలని నేను బల్లగుద్ది చెప్పాను.

లోపల బేరింగులు తుడుస్తున్న నా భార్య సరళకు విసుగొచ్చింది. "ఇద్దరూ అంకె పట్టుకునే వేలాడుతున్నారు. కనబడకుండా చేస్తే సరి" అంది. నల్లటి చక్రాలే మూడు సెట్లు తీసి, పక్కనున్న అంకెల మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు టేపులు అంటించింది. ఏ రంగు కింద ఏముందో చీటీలో రాసుకుంది. నేను తొంగిచూడబోతే, "మీ మీద కూడా నాకు నమ్మకం లేదు" అంది. శంకరయ్య గారు మొదటిసారి నవ్వారు.

మర్నాడు హాల్లో స్టాప్‌వాచ్ ఆయన చేతికే ఇచ్చాం. ఎర్ర టేపు చక్రాలతో పిల్ల మలుపులో జారి గోడ పట్టుకుంది. ఆకుపచ్చవి జారలేదు గానీ, బురదలో నడిచినట్టు నెమ్మదించాయి. పసుపువి వేసుకుని మలుపు తిరిగి, ఆగమన్నా ఆగకుండా ఇంకో మూడు చుట్లు కొట్టింది. వరుస మార్చి మళ్లీ చూశాం. చక్రాలు విప్పి బిగించి నా వేళ్లు బొబ్బలెక్కాయి. రెండుసార్లూ పసుపే గెలిచింది.

సరళ చీటీ విప్పింది. ఎరుపు 82. ఆకుపచ్చ 74, అంటే నా పంతం. పసుపు 78.

శంకరయ్య గారు ఆ చక్రాన్ని చాలాసేపు తిప్పి చూశారు. "మరి ఆరు గదా సార్" అన్నారు నెమ్మదిగా.

"నాన్నా, మలుపు కాడ నేను కూడికలు చెయ్య" అంది స్వప్న.

ఆయనకు నవ్వు ఆగలేదు. మాకూ ఆగలేదు.

ఆదివారం స్వప్న ఒక్కసారి కూడా పడలేదు. జట్టులోకి వచ్చింది. నా వాదన కదిలించలేని మనిషిని ఒక్క పరీక్ష కదిలించింది. ఓడింది జోస్యుడొక్కడే కాదు, నేను కూడా. అంత సంతోషంగా ఓడిపోవడం నాకు మళ్లీ దొరకలేదు. అప్పటి నుంచి ఎవరితోనైనా వాదనకు దిగేముందు, నాదే తప్పయితే అది ఎలా బయటపడుతుందని నన్ను నేను అడుగుతున్నాను.