అడ్డంగా ఊగిన పదకొండు తలలు

మా ఊరి మిరపకాయల ఫ్యాక్టరీలో యోర్దాంకా, నేనూ ముప్ఫై ఏళ్ళు పక్కపక్కనే నిలబడ్డాం. బెల్టు మీద ఎర్ర కాయలు వస్తూ ఉంటాయి. మొదటి రకం సీసాలకి, రెండో రకం పచ్చడికి, పుచ్చులు తొట్టిలోకి. నేను తడిమి చూసేదాన్ని. ఆవిడకి చూపు చాలు.

"ఎలా తెలుస్తుందే నీకు?" అంటే, "లక్ష కాయలు చూస్తే నీకైనా తెలుస్తుంది" అనేది. పొగరు! కానీ నిజం.

ఫ్యాక్టరీ మూతపడ్డాక యోర్దాంకా ఊరి గ్రంథాలయంలో తాళంచెవుల మనిషిగా చేరింది. అక్కడి వెనక గదిలో ఒక పాత కంప్యూటర్, దానికో కెమెరా ఉన్నాయి. వేసవిలో వచ్చిన ఆవిడ మనవరాలు, కెమెరాకి వస్తువులు చూపిస్తూ ఇది ఫలానా, ఇది ఫలానా అని చెబితే యంత్రం తనంతట తాను గుర్తుపట్టడం నేర్చుకుంటుందని చేసి చూపించింది. యోర్దాంకా చూసి, "ఇదేముందే, బెల్టు దగ్గర కొత్తపిల్లకి పని నేర్పినట్టే కదా!" అంది. పై వారానికల్లా ఆరేడేళ్ళ పిల్లలు పదకొండు మంది ఆ గదిలో చేరారు.

మొదటి పాఠం మిరపకాయలే. పిల్లలు మంచి కాయలు నీలం పళ్ళెంలో, పుచ్చులు తెల్ల పళ్ళెంలో పెట్టి కెమెరాకి చూపించారు. యంత్రం ఒక్కటీ తప్పు చెప్పలేదు. గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అప్పుడు యోర్దాంకా కాలి చెప్పు విప్పి నీలం పళ్ళెంలో పెట్టింది.

"మొదటి రకం" అంది యంత్రం.

"దీనికి బుద్ధి లేదు అమ్మమ్మా!" అని వెలిన్ గాడు గంతులేశాడు.

"దానికి బుద్ధెక్కడిదిరా? నువ్వు చూపించిందే దానికి లోకం. మంచి కాయ చూపించినప్పుడల్లా నీలం పళ్ళెం చూపించావు. అది పళ్ళేన్నే నేర్చుకుంది. తప్పెవరిది?"

"మనదే" అంది జడల పిల్ల దెసిమిర. మళ్ళీ మొదట్నుంచీ, ఈసారి పళ్ళేలు మార్చి మార్చి చూపించారు. చెప్పుని మాత్రం వెలిన్ ఇంకో పదిసార్లు చూపించాడు, సరదాకి.

ఇదంతా జిల్లా ఆఫీసు చెవిన పడింది. మిరపకాయలు ఏరుకునే ముసల్దానికి పట్టా ఏదీ? పిల్లలకి ఇష్టం లేకుండా కూర్చోబెడుతోందేమో? అదే నిజమైతే గదికి తాళం వేసి, ఏదైనా దుకాణానికి ఇచ్చేద్దాం అనుకున్నారు. విచారణకి లచెజార్ అనే అధికారి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మా పక్క ఊరివాడే. పదేళ్ళు జర్మనీలో చదివి, అక్కడే పనిచేసి ఈ మధ్యే తిరిగొచ్చాడు. ప్రతి మాటకీ తల కిందికీ పైకీ ఆడిస్తాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

"పెద్దవాళ్ళ ప్రభావం ఉండకూడదండి" అని మమ్మల్ని బయటికి పంపి, తను తెచ్చిన యంత్రాన్ని లోపల పెట్టి, తనూ వరండాలోకి వచ్చేశాడు. అది పిల్లల్ని ఒక్కొక్కరినే "ఈ తరగతి నీకు కావాలా?" అని అడుగుతుంది. తల ఎలా ఊపారో చూసి లెక్క కడుతుంది. అరగంటకి ఆయన చేతిలో ఫోను మోగింది.

"పదకొండు మందిలో పదకొండు మందీ వద్దన్నారు యోర్దాంకా గారూ. నివేదిక జిల్లాకి వెళ్ళిపోయింది."

ఫ్యాక్టరీ మూసిన రోజున కూడా చెక్కుచెదరని మనిషి యోర్దాంకా. మొహం పాలిపోయింది. అయినా తిన్నగా లోపలికి వెళ్ళి దెసిమిర ముందు కూర్చుంది. నేనూ లచెజారూ వెంటే వెళ్ళాం.

"ఏమ్మా, దానికేం చెప్పావు?"

దెసిమిర జడలు చెంపలకి తగిలేలా తల అడ్డంగా ఊపింది. వెనకే వెలిన్. వెనకే అందరూ. పదకొండు తలలూ అడ్డంగా!

యోర్దాంకా పగలబడి నవ్వింది. మా బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని, కిందికీ పైకీ ఆడిస్తే కాదని. ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు.

"లచెజార్ బాబూ! చిన్నప్పుడు మీ అమ్మ ఇంకాస్త పెరుగు వెయ్యనా అంటే తల ఎలా ఊపేవాడివి?"

ఆయన మొహం మిరపకాయయింది. "ఈ యంత్రానికి లక్షల మందిని చూపించి నేర్పారండీ..."

"ఆ లక్షల్లో మా ఊరివాళ్ళెందరు?"

ఆయన ఫోను తీసి నివేదిక ఇంకోసారి చూసుకున్నాడు.

"కానీ ఒకసారి నమోదయ్యాక మార్చడం కుదరదండి" అన్నాడు చివరికి.

యోర్దాంకా లేచి, గది తలుపు లోపలినుంచి తాళం వేసి, చెవి జేబులో వేసుకుంది. "కుదురుతుంది. కూర్చో. పిల్లలూ, పని మొదలెట్టండి."

పిల్లలు తమ పాత కంప్యూటర్ ముందు వరసకట్టారు. ఒక్కొక్కరూ ఇరవైసార్లు అవును, ఇరవైసార్లు కాదు. పిల్లల తలలే చూపిస్తే పెద్ద తలలు ఎలా తెలుస్తాయని దెసిమిర నన్నూ లాక్కెళ్ళి నిలబెట్టింది. నా మెడ పట్టేసింది. లచెజార్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

అంతా అయ్యాక దెసిమిర కెమెరాని ఆయన వైపు తిప్పింది.

"తప్పయిందని కొత్త నివేదిక పంపుతారా?"

ఆయన ఆత్రంగా తల కిందికీ పైకీ ఆడించాడు.

"కాదు" అంది యంత్రం.

"పంపడంట అమ్మమ్మా!" అని వెలిన్ అరిచాడు.

లచెజార్ కంప్యూటర్ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. తర్వాత మెల్లిగా, బిడియంగా, చిన్నప్పుడు అమ్మ ముందు ఊపినట్టే తల అడ్డంగా ఊపాడు.

"అవును" అంది యంత్రం.

పిల్లలు కేకలేశారు. ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. యోర్దాంకా జేబులోంచి చెయ్యి తియ్యలేదు.

"ముందు పంపు" అంది.