సెక్యూరిటీ ఆయన కాలు

కొన్నేళ్ల కిందట, గజపతినగరం వెళ్లే బస్సులో ఒక ఉదయం నా పక్కన సెక్యూరిటీ గార్డు కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. బూటు విప్పితే మేజోడంతా రక్తం. బూటు అడుగు అట్ట చీల్చుకుని మేకు పైకొచ్చి ఉంది.

"అయ్యో మావా, మేకు గుచ్చుకుంది!" అన్నాను.

"ఎప్పుడు గుచ్చుకుందో ఏటో! సుగరు కదా, తెలీదు." మేకు లాగి పారేసి, కాలికి తువ్వాలు ముక్క చుట్టుకున్నాడు.

"ఆసుపత్రికి పద."

"ఎల్తే కాలు తీసేత్తారు బాబూ. పన్నెండు గంటలు నిలబడే డూటీ. ఒంటికాలోణ్ణి గేటు కాడ ఎవుడెట్టుకుంటాడు?" నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మా ఇంటిదానికి సెప్పకండి."

ఆవిడెవరో నాకు తెలియదు. అయినా చెప్పనని మాటిచ్చాను.

ఊళ్లో దిగి, మళ్లీ అదే బూటుతో గబగబా నడిచి వెళ్లిపోయాడు. కాస్త కూడా కుంటలేదు. అది చూశాకే నాకు భయం వేసింది.